అంగడి గుమ్మం, మాల్ గేటు

నగర జీవితం గురించి సిద్ధాంతాలు చెప్పినవాళ్లలో ఇద్దరు అంగడిని తప్పించుకుపోలేదు. 1903లో జర్మన్ తత్త్వవేత్త గియోర్గ్ జిమ్మెల్, మహానగరంలో మనుషుల్ని కలిపేది డబ్బేనన్నాడు. అమ్మేవాడికి కొనేవాడి పేరు అక్కరలేదు, రొక్కం చాలు. దీనివల్ల మనసు మొద్దుబారుతుంది, అయినా మనిషికి కొంత స్వేచ్ఛ దొరుకుతుంది. 1961లో అమెరికన్ రచయిత్రి జేన్ జేకబ్స్ వేరే వైపు నుంచి చూసింది. చిన్న అంగళ్లు, వాటి దగ్గర మెసలే జనమే వీధికి కాపలా అన్నది ఆమె వాదం.

పావగడ నుంచి చూస్తే ఈ రెండు మాటలూ ఎక్కడ నిలుస్తాయి?

అంగడి అన్న మాట మనకూ కన్నడిగులకూ ఒకటే. ఊరి అంగడికి మన పేరు తెలుసు. పేరు తెలుసు కనుకే అప్పు పుట్టేది. వానలు మొహం చాటేసిన ఏడు కూడా ఉప్పూ పప్పూ ఇంటికొచ్చేవి. కానీ పేరు తెలిసిన అంగడికి కులమూ తెలుసు. దళితులు గుమ్మం బయట నిలబడి, పైనుంచి పడేసిన సరుకు అందుకున్న రోజులు పల్లెలు మరిచేంత పాతవి కావు. పల్లె ఆత్మీయతను రాసే మన కథకులు తరచు ఈ సగాన్ని వదిలేస్తారు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ గ్రామాన్ని పొగిడేవాళ్లతో విభేదించింది ఇలాంటి సంకుచితత్వాన్ని ఎరిగే.

కనుక బెంగళూరు బస్సెక్కి పీణ్య వంటి పారిశ్రామిక వాడలో పనికి కుదిరినవాడికి జిమ్మెల్ చెప్పిన ఉదాసీనత నష్టమొక్కటే కాదు. ఎవరి కొడుకువని అడగకుండా టీ ఇచ్చే అంగడి కొందరికి ఎంత ఊరటో మనం ఆలోచించాలి.

ఈ ఊరటే ఇప్పుడు ప్రమాదంలో పడింది. 2010లో తెరిచిన మల్లేశ్వరంలోని మంత్రి స్క్వేర్ మాల్ ఒకప్పటి రాజా మిల్లు నేలమీద నిలిచింది. కార్మికుడు పనివాడిగా అడుగుపెట్టిన నేల అది; ఇప్పుడక్కడ అడుగుపెట్టాలంటే కొనుగోలుదారుడిలా కనిపించాలి. 2024 జూలైలో మాగడి రోడ్డులోని జీ.టీ. మాల్‌కు కొడుకుతో సినిమాకు వచ్చిన ఒక పెద్దవయసు రైతును, పంచె కట్టాడని గేటు దగ్గర ఆపారు. టికెట్ ఉన్నా ఆపారు. నిరసనలు రేగాయి, ప్రభుత్వం ఆ మాల్‌ను ఏడు రోజులు మూయించే నిర్ణయం ప్రకటించింది.

జిమ్మెల్ మాట ఇక్కడ చెల్లలేదు. డబ్బు చెల్లించాక కూడా నగరం "నువ్వెవరు?" అని అడిగింది. జేకబ్స్ మాటా చెల్లలేదు. ఆమె చెప్పిన కాపలా ఇరుగుపొరుగు చూపు. గేటు దగ్గరిది జీతానికి కుదిరిన చూపు. ఆ కాపలాదారు కూడా ఏ పల్లెలోనో పంచె కట్టిన తండ్రికి పుట్టినవాడే కావచ్చు. పల్లె అంగడి కులం చూసి గుమ్మం బయట నిలబెట్టింది. మాల్ కట్టుబట్ట చూసి నిలబెట్టింది. మొదటిది సరుకైనా ఇచ్చింది.

అయినా మాల్‌ను తిట్టి సంతను పొగిడితే విమర్శ అయిపోదు. వీధిలో వేధింపులకు జడిసే ఆడపిల్లలు మాల్‌లో కాస్త నిబ్బరంగా తిరగగలగడమూ నిజమే. అందుకే అంగడి చిన్నదా పెద్దదా అన్నది అసలు ప్రశ్న కాదు. గుమ్మం దగ్గర ఎవరు ఆగిపోయారు, ఎవరు ఆపారు అన్నదే ప్రశ్న. నగరం మీద రాసే సిద్ధాంతమైనా, మనవాళ్ల కథైనా, దానికి జవాబు చెప్పకపోతే ఆ గేటు ఇవతలే ఉండిపోతుంది.