అడగకుండా ఏం చూపాలి: జావా, పైథాన్, రస్ట్

ప్రింట్ ఎలా చేయాలో చెప్పకుండానే ఒక ఆబ్జెక్టును ప్రింట్ చేస్తే తెర మీద ఏం రావాలి? జావా అయితే క్లాసు పేరు, ఎట్ గుర్తు, దాని వెనక హెక్సాడెసిమల్‌లో హ్యాష్‌కోడ్ ఇస్తుంది. పైథాన్ క్లాసు పేరు, మెమరీ చిరునామా ఇస్తుంది. లోపల ఏముందో చూద్దామనుకున్నవాళ్ళకి రెండూ మొండిచెయ్యే చూపిస్తాయి.

తేడా ఆ తర్వాతే. జావాలో ఆబ్జెక్టును అక్షరాల్లోకి మార్చే మెథడ్ టూస్ట్రింగ్ ఒక్కటే. వాడుకరికి చూపే మాటా అదే, లాగ్‌లో తప్పు వెతికే ప్రోగ్రామర్‌కి దొరికే ఆధారమూ అదే. పైథాన్ ఈ పనులను విడదీసింది: స్ట్ర్ వాడుకరికి, రెప్ర్ ప్రోగ్రామర్‌కి. స్ట్ర్ రాయకపోతే రెప్ర్ వస్తుంది. పైగా లిస్టును ప్రింట్ చేసేటప్పుడు లోపలి వాటికి రెప్ర్‌నే పిలుస్తుంది. దీని విలువ తెలియాలంటే "1, 2" అనే ఒకే ఒక స్ట్రింగ్ ఉన్న లిస్టును జావాలో ప్రింట్ చేసి చూడండి. 1, 2 అనే రెండు అంకెలున్న లిస్టుకీ దానికీ అక్షరం తేడా ఉండదు! పైథాన్ స్ట్రింగ్‌కి కొటేషన్ గుర్తులు పెట్టి పట్టిస్తుంది. అర్ధరాత్రి లాగ్ ముందు కూర్చున్నవాళ్ళకి ఆ గుర్తులే దిక్కు.

జావా అర్రేల సంగతి మరీ అన్యాయం: లిస్టులా లోపలి విలువలు చూపకుండా అవీ ఎట్ గుర్తు, హ్యాష్‌కోడే ఇస్తాయి. 2004లో జావా 5తో అర్రేలను ప్రింట్ చేయడానికి వేరే మెథడ్ ఇచ్చారు గానీ డిఫాల్ట్‌ను ముట్టుకోలేదు.

పైథాన్ 3.7 డేటాక్లాసులతో 2018లో, జావా 16 రికార్డులతో 2021లో కొంత దారికొచ్చాయి. ఫీల్డుల పేర్లు, విలువలు వాటంతటవే ప్రింటవుతాయి. పాస్‌వర్డ్ ఫీల్డు ఉంటే అదీ లాగ్‌లోకి ఎక్కుతుంది. డేటాక్లాసులో ఫలానా ఫీల్డు చూపొద్దని ఒక్క మాటలో చెప్పవచ్చు. రికార్డులో టూస్ట్రింగ్ మొత్తం తిరగరాయాలి.

రస్ట్ దారి వేరు, ఊరికే ఏదీ ఇవ్వదు. ప్రోగ్రామర్‌కి కావలసిన డీబగ్ రూపం డిరైవ్ అని ఒక పంక్తి పెడితే వస్తుంది. వాడుకరికి చూపే డిస్‌ప్లే రూపం మాత్రం చేత్తో రాయాల్సిందే, లేకపోతే ఆ రూపంలో ప్రింట్ చేయబోయే కోడ్ కంపైలే కాదు. మొదట్లో విసుగే. కానీ మనిషికి ఏం చూపాలో భాష ఊహించకూడదు, రాసేవాడే నిర్ణయించాలి. అందుకే నా ఓటు రస్ట్‌కి. ఒక్క ఫిర్యాదుంది: డిరైవ్‌తో వచ్చిన డీబగ్ కూడా పాస్‌వర్డ్‌ను దాచదు. అక్కడ పైథాన్‌దే పైచేయి.