ఫొటో కింద ఏం రాయాలి?

వలసల పాఠం చెప్పడానికి శ్రీకాకుళం జిల్లా పలాస చుట్టుపక్కల ఉపాధ్యాయులు ప్రపంచ పటం విప్పనక్కర్లేదు. ఇంట్లోంచి బయటికెళ్లి బతుకుతున్నవాళ్లెవరని తరగతిలో అడిగితే చాలు. ఒకరి మేనమామ గల్ఫ్‌లో వెల్డరు, ఇంకొకరి అన్న చెన్నైలో మేస్త్రీ, మరొకరి తండ్రి గుజరాత్‌లోని వెరావల్‌లో బోటు మీద. వాళ్ల ఫొటోలు ఫోన్లలోనే ఉంటాయి. చిక్కల్లా ఒకటే, వాటిలో అందరూ నవ్వుతూనే ఉంటారు.

హెల్మెట్‌తో ఒకటి, షాపింగ్ మాల్ ముందు ఒకటి. ఏజెంటుకు కట్టిన అప్పు, నలుగురైదుగురు సర్దుకునే గది ఏ ఫొటోలోనూ ఉండవు. అలాగని సెల్ఫీని అబద్ధమని తీసిపారేయకూడదు. అమ్మ తనను ఎలా చూడాలని ఆ కొడుకు అనుకున్నాడో చెప్పే సాక్ష్యం అది.

ఇలాంటి తరగతిలో మొదట చూపించదగ్గది అమెరికన్ ఫొటోగ్రాఫర్ డొరొతియా లాంగ్ 1936 మార్చిలో తీసిన ఫొటో. కాలిఫోర్నియాలోని నిపోమోలో బఠాణీ కోతకొచ్చిన కూలీల శిబిరంలో, పిల్లలు చెరో భుజం మీద వాలి ఉండగా చెంపకు చెయ్యి ఆనించుకున్న తల్లి. ముందు ఫొటో ఒక్కటే ఇచ్చి, కింద నాలుగు మాటలు రాయమనాలి. తర్వాతే అసలు కథ చెప్పాలి. ప్రభుత్వ ఉద్యోగం మీద వెళ్లిన లాంగ్ ఆ తల్లి పేరు అడగలేదు. కారు టైర్లు అమ్ముకుని తిన్నారని రాసుకుంది. అది నిజం కాదని ఆ కుటుంబం తర్వాత చెప్పింది. ఆ తల్లి ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని, చెరోకీ మూలాలున్న మనిషని లోకానికి తెలిసేసరికి 1978 వచ్చింది. ఆ ఫొటోతో తనకు పైసా రాలేదని ఆమె బాధ. ఫొటో గొప్పదే, కింది రాతే తప్పింది. ఇది చెప్పాక పిల్లలు తాము రాసిన నాలుగు మాటలూ మళ్లీ చదువుకోవాలి.

ఇక మన దగ్గరికొస్తే, పలాస చుట్టూ ఉన్న ఉద్దానం ప్రాంతానికి కెమెరాలు కొత్త కాదు. కిడ్నీ జబ్బు కోసం వచ్చాయి, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటాక కూలిన కొబ్బరి, జీడి తోటల కోసం వచ్చాయి. పడిపోయిన చెట్టును అందరూ తీశారు. కొత్త మొక్క కాపుకొచ్చేదాకా ఆ రైతు ఇంట్లో ఎవరు ఎక్కడికి వెళ్లి సంపాదించారో తీసినవాళ్లు తక్కువ.

ఆ నవంబరులోనే వెరావల్ నుంచి వేటకెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్థాన్‌కు చిక్కారు. 2020 జనవరి 6న వాఘా దగ్గర 20 మంది తిరిగొచ్చారు. పేపర్లలో సరిహద్దు ఫొటోలు వచ్చాయి, 2025లో వాళ్ల కథతో ‘తండేల్’ సినిమా వచ్చింది. సినిమా చూసిన పిల్లలకు ప్రేమకథ గుర్తుంటుంది. జిల్లాలో 193 కిలోమీటర్ల తీరం పెట్టుకుని, పెద్ద బోట్లు నిలిపే రేవు లేక ఆ మనుషులు ఏటా అరేబియా సముద్రానికి ఎందుకు పోవాల్సి వస్తుందో మాత్రం పాఠంలోనే చెప్పాలి.

ఇక పిల్లల చేతికి కెమెరా ఇచ్చే ఘట్టం. పల్లెల బతుకును నమోదు చేయడానికి పాలగుమ్మి సాయినాథ్ 2014లో మొదలుపెట్టిన ‘పారి’ వెబ్‌సైట్ విద్యార్థుల చేతా ఈ పని చేయిస్తోంది. మనిషి పేరు, ఊరు, పని ఆ మనిషినే అడిగి రాయడం అక్కడ మామూలు. ఇక్కడా అదే పద్ధతి పనికొస్తుంది. కాకపోతే ఇంటి అప్పు సంగతి రాయొద్దని అమ్మ అంటే రాయకూడదు.

వలస వెళ్లినవాడు ఎదురుగా లేనప్పుడు దేన్ని తీయాలి? కాశీబుగ్గ జీడి బట్టీలకు వెళ్లొచ్చు. పిక్కలు కొట్టే ఆడవాళ్లలో మగదిక్కు దూరదేశంలో ఉన్నవాళ్లు దొరుకుతారు. వాళ్ల ముందున్న పిక్కలన్నీ ఉద్దానం తోటలవి కావు, ఆఫ్రికా దేశాల నుంచి ఓడల్లో వచ్చినవీ ఉంటాయి. స్థానిక రైతుకు వాటి మీద కోపం, ధర పడిపోతుందని. ఆ రైతునూ పిక్కలు కొట్టే ఒకామెనూ వేర్వేరుగా అడిగి, పిక్కల బస్తా ఫొటో కింద ఇద్దరి మాటలూ పక్కపక్కన రాయించాలి.