భార్యయే ఔషధమా? — నలోపాఖ్యాన విచారము

నలోపాఖ్యానమును విమర్శించినవారిలో పెక్కుమంది దమయంతీ పాతివ్రత్యమును కొనియాడి విరమించిరి. దేవతలను కాదని నలుని వరించుట, అడవిలో విడువబడియు నతనినే తలంచుట, రెండవ స్వయంవరమను మిషచే నతనిని రప్పించుట — ఇవి యామె సహనమునకు నిదర్శనములుగా చెప్పబడుచున్నవి. ఈ ప్రశంస అసత్యము కాదు గాని యసంపూర్ణము. మనస్సు వశము తప్పిన భర్తతో నొక స్త్రీ యెట్లు కాపురము చేసెనను ప్రశ్నతో నీ కథను చదివినచో, సహనముకంటె ముఖ్యమైన వేరొక గుణము గోచరించును. దానిని నిరూపించుటయే యీ వ్యాసమునకు లక్ష్యము.

బృహదశ్వ మహర్షి యీ కథను ధర్మరాజునకు చెప్పెను. వినువాడు జూదమున రాజ్యమును, తమ్ములను, తుదకు ద్రౌపదిని గూడ ఒడ్డి యోడినవాడు. కావున దీనిని ప్రణయకథగా మాత్రమే చదువుట చాలదు. నన్నయభట్టు దీనిని ఆరణ్యపర్వమున తెనిగించెను. శ్రీహర్షుని ననుసరించిన శ్రీనాథుడు శృంగారనైషధమున, కలి నలుని యుద్యానమునందలి తాండ్రచెట్టు నాశ్రయించి యదనుకై వేచియుండుటవఱకే చెప్పి, దంపతుల విహారముతో కావ్యమును ముగించెను. దాంపత్యమునకు పరీక్ష యెచట మొదలగునో యచటికి ముందే యా కావ్యము నిలిచిపోయినది. కావున మన ప్రశ్నకు సమాధానమును భారతముననే వెదకవలెను.

వివాహమైన పండ్రెండవయేట నలుడొకనాడు కాళ్లు కడుగుకొనక సంధ్య వార్చగా కలి యతనిని ఆవేశించెను. పిమ్మట పుష్కరునితో జూదము నెలల తరబడి సాగెను. పౌరులును మంత్రులును వాకిట నిలిచిరి. దమయంతి కన్నీటితో ఆ వార్తను పలుమాఱులు విన్నవించినను నలుడు బదులు పలుకలేదు. ‘ఇతడు వెనుకటివాడు కాడు’ అని జనులు సిగ్గుతో మరలిపోయిరి.

జర్మను వైద్యుడు ఎమీల్ క్రేపెలిన్ 1899వ సంవత్సరమున ఉన్మాదమును విషాదమును ఒకే వ్యాధికి రెండు ముఖములుగా వివరించెను. నేడు వైద్యులు బైపోలార్ వ్యాధి యని వ్యవహరించునది ఆ వివరణమునుండి యేర్పడినదే. ఉన్మాదదశయందు నిద్ర తగ్గును, ధనము నీళ్లవలె వ్యయమగును, హితవు చెవికెక్కదు. విషాదదశయందు లేచి ముఖము కడుగుకొనుటయు భారమగును. రెంటి నడుమ మనిషి తఱచుగా మునుపటివలె నుండును. నలునకీ వ్యాధి యుండెనని మేము చెప్పుట లేదు. పురాణపాత్రకు రోగనిర్ణయము చేయుట విమర్శయు గాదు, వైద్యమును గాదు. కాని యెఱిగిన మనిషి యెఱుగనివాడగుటను చూచుచు కాపురము చేయువారి స్థితిని మన సాహిత్యమునందు ఇంత సూక్ష్మముగా చూపిన కథలు అరుదు.

దమయంతి చేసిన పనులను వరుసగా గమనింపవలెను. మొదట నామె భర్తకు తానే చెప్పి చూచెను. ఆ మాట సాగకపోగా దాదియైన బృహత్సేనను పంపి మంత్రులను రప్పించెను. అదియు నిష్ఫలము కాగా సారథియైన వార్ష్ణేయుని పిలిచి, రాజు మోహితుడై తన మాట నాదరింపకున్నాడని తెలిపి, ఇంద్రసేనుని ఇంద్రసేనను రథమెక్కించి కుండినమునకు, తన పుట్టింటికి, పంపివేసెను. తాను మాత్రము భర్తచెంతనే నిలిచెను. భర్తను విడువకుండుట యొకటి, భర్త పతనములో బిడ్డలను గూడ పడనిచ్చుట వేఱొకటి. ఈ భేదము నెఱిగి నడచుటయే మేము చెప్పదలచిన గుణము. దానికి వివేకమని పేరు.

అడవిలో నలుడు విదర్భకు పోవు త్రోవను మాటిమాటికి చూపెను. అతని తలంపు నామె గ్రహించెను. నీవు నన్ను విడువనెంచనిచో ఈ త్రోవ నేల చూపెదవని యడిగెను. ఇరువురమును విదర్భకు పోవుదమనెను. దుఃఖములన్నిటికి భార్యతో సమానమైన ఔషధము లేదని వైద్యుల మతమనియు పలికెను. ఈ మాటను విమర్శకులు దాంపత్యధర్మమునకు సూత్రముగా నుదాహరింతురు. కాని కథకుడు దానిని వెంటనే పరీక్షకు పెట్టుట గమనింపదగినది. అనతికాలములోనే నలుడు నిదురించుచున్న యామె చీరలో సగము కోసికొని, ఊయెలవలె పోవుచు మరలుచు, తుదకు విడిచిపోయెను. ఆ రాత్రి యా ఔషధము పనిచేయలేదు.

మఱి పనిచేసినదేది? కర్కోటకుని విషము నలుని దేహమున నున్న కలిని దహించెను. దమయంతి శాపమును వానిని వేధించెను. ఋతుపర్ణుని వలన అక్షహృదయము లభింపగనే కలి వెడలెను. ఈ మూటిలో నామె పాలొకటి కలదు. అది యొకటి మాత్రమే. రోగిచెంత నిలుచుట చికిత్సలో భాగమగును గాని చికిత్స యంతయు కానేరదు. ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ 1949వ సంవత్సరమున లిథియము ఉన్మాదమును శమింపజేయునని ప్రకటించెను. దానిని భార్యాభర్తల అనురాగముతో పోల్చి యేది గొప్పయని వాదించుట నిరర్థకము. రెండును వేఱువేఱు పనులు చేయును.

భార్యయే ఔషధమను మాటను విధిగా గ్రహించినచో, రోగము తగ్గనపుడు నేరము భార్యమీద పడును. ఆమెకు కలుగు క్షయమును కథ దాచలేదు. చేదిపురమున ప్రవేశించునప్పటికి దమయంతియే పిచ్చిదానివలె కనబడెను, పిల్లలు వెంటబడిరి. భర్త మనోవికారము తుదకు వీధిలో భార్యకు పేరై నిలిచినది. అట్టి స్థితియందును ఆమె యెంగిలి తినననియు, ఒరుల కాళ్లు కడుగననియు నియమము చెప్పియే రాజమాతయొద్ద కొలువునకు కుదిరెను. పుట్టింటికి చేరిన పిదప బ్రాహ్మణులను నలుదెసల కంపించి వెదకించెను. ఇది కేవలము వేచియుండుట గాదు.

పునస్సమాగమమును గూడ నిట్లే చదువవలెను. నలుడు తన తప్పును కలిమీద మోపెను. దమయంతి యందులకు వాదింపలేదు. కాని యంతకుముందే కేశినిని పంపి బాహుకుని నడవడి కనిపెట్టించెను, అతడు వండిన మాంసమును రుచిచూచెను, బిడ్డలనంపి వారిని కౌగిలించుకొని యతడేడ్చుట తెలిసికొనెను. ఇచట క్షమ పరీక్షకు తరువాత వచ్చినది. నలుడును మరల పుష్కరునితో ఆడెను గాని, అక్షహృదయము తెలిసిన పిదపనే యాడెను.

మేము నివసించు జల్‌పల్లి హైదరాబాదు పాతబస్తీకి దక్షిణపుటంచున, పహాడీ షరీఫ్ కొండచెంత నున్నది. ఎఱ్ఱగడ్డలోని మానసిక చికిత్సాలయము నగరమున కావలివైపున కలదు. కూలినాలి చేసికొను కుటుంబమునకు రోగిని వెంటబెట్టుకొని యంతదూరము పోయి వచ్చుట యొక దినపు కూలిని పోగొట్టుకొనుటయే. అట్టి యిండ్లలోని స్త్రీపురుషులకు సహనమును బోధించుట సులభము. బృహత్సేనవలె కబురు మోయువారును, వార్ష్ణేయునివలె బిడ్డలను తీసికొనిపోవువారును, కుండినమువలె తలుపు తీయు పుట్టిల్లును వారికి కలవా యని యడుగుట కష్టము.

న్యాయశాస్త్రము సైతము వివేకమునే కోరుచున్నది. 1955 నాటి హిందూ వివాహ చట్టమునకు 1976వ సంవత్సరమున జరిగిన సవరణము ప్రకారము, మనోవ్యాధి యెడతెగనిదైనను అప్పుడప్పుడు వచ్చునదైనను, విడాకులకు దాని పేరు చాలదు; దానితో కలిసి జీవింపుమని రెండవవారిని కోరుట న్యాయము కానంతటి తీవ్రత యుండవలెను. తెలుగుదేశమున పుట్టిన యొక వ్యాజ్యమున సుప్రీంకోర్టు 2013వ సంవత్సరమున ఈ మార్గమునే యనుసరించి, భార్యకు స్కిజోఫ్రేనియా కలదని భర్త కోరిన విడాకులను నిరాకరించెను. 2017 నాటి మానసిక ఆరోగ్య రక్షణ చట్టము, రోగి స్వస్థుడుగా నున్నపుడే తనకెట్టి చికిత్స కావలెనో, తన పక్షమున నెవరు మాటాడవలెనో వ్రాసియుంచుట కవకాశమిచ్చినది. కలి లేనినాడే కలి వచ్చుదినమునకై దంపతులు కలిసి యాలోచించుకొనుట కిది త్రోవ.

కావున దమయంతిని సహనమూర్తిగా మాత్రమే పాఠము చెప్పుట కవికిని విద్యార్థికిని అన్యాయమని మా యభిప్రాయము. ఆమె భర్తను రోగముతో నొకటిగా చూడలేదు. రోగమును లేదనియు ననలేదు. తరగతిలో ఔషధమను మాటవద్ద ఆగిపోక, తరువాతి రాత్రిని గూడ చదివించిన యుపాధ్యాయుడు, వినువారిలో నెవరింట నట్టి రాత్రులు గడచుచున్నవో తనకు తెలియకపోయినను, వారికి మేలు చేసినవాడగును.