గాంధీగారు రాసి చూసిన పెన్ను

గాంధీగారు వాడిన పెన్నుల్లో ఒకదానికి తిరుగులేని రుజువుంది. రాజమండ్రిలో కె.వి. రత్నంగారు చేసిన పెన్ను గాంధీగారి సహచరుడు జె.సి. కుమారప్ప ద్వారా ఆయనకు చేరింది. బజార్లో దొరికే విదేశీ పెన్నులకు బదులుగా ఇది బాగానే పనికొస్తుందని 1935 జులైలో గాంధీగారే ఉత్తరం రాశారు. వాడి చూశాకే చెప్పారు కాబట్టి ఆ మాటకి అంత విలువ.

అలాంటి పెన్నుని ఫొటోలో చూసి పోల్చుకోవడం కష్టం. నల్ల పెన్నులన్నీ ఒకేలా కనిపిస్తాయి. చేతికొస్తే సంగతి వేరు. బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూడండి, గంధకం ఘాటు తగిలితే అది ఎబొనైట్, అంటే గంధకం కలిపి గట్టిపరచిన రబ్బరు. ఏళ్ల తరబడి వెలుతురు పడితే ఆ నలుపు గోధుమరంగుకి తిరుగుతుంది. డ్రాపర్‌తో సిరా నేరుగా గొట్టంలోకే పోస్తారు. అందుకే లేత్ మీద కోసే మరల దగ్గర పనివాడి చెయ్యి తెలిసిపోతుంది. అవి వదులైతే జేబంతా సిరా. ఎంత పనితనమో!

మా ఆనందపురం కూడలిలో హైవే ఎక్కితే రాజమండ్రి ఒక పూట ప్రయాణం. పిల్లలకు పెన్ను కొనేవాళ్లు అక్కడిదాకా వెళ్లి, ఆ పిల్లలచేతే రాయించి చూసి, పాళీ సరిచేయించి మరీ తేవాలని నా కోరిక.