జామాయిలు చెట్ల పునరుత్పత్తి: కణజాల వర్ధనముపై ఒక విమర్శ

మొక్కలోని ఏ సజీవ కణమునుండియైనను సంపూర్ణమైన మొక్కను తిరిగి పొందవచ్చునని కణజాల వర్ధనమును గురించిన పాఠములలో తరచుగా చెప్పబడుచుండును. సిద్ధాంతముగా ఈ మాటను కాదనుటకు వీలులేదు. కాని మన రైతులు జామాయిలు అని పిలుచు యూకలిప్టసు విషయమున ఇది ఎంతవరకు నిలుచును? విద్యార్థి ఈ ప్రశ్న వేసినచో ఉపాధ్యాయుడు చెప్పవలసిన సమాధానము ఆ ఒక్క వాక్యముతో ముగియదు.

ఈ భావమునకు మూలపురుషుడు హేబర్లాండ్ట్. 1902లో ఆయన విడి కణములను పోషక ద్రవములో పెంచుటను గురించి వ్రాసెను. ఆ కణములు కొంతకాలము బ్రదికినవి గాని విభజన చెందలేదు. 1957లో స్కూగ్, మిల్లర్ అను శాస్త్రజ్ఞులు పొగాకు కణజాలముతో ప్రయోగములు చేసి, ఆక్సిన్, సైటోకైనిన్ అను హార్మోనుల పాళ్లు మార్చినచో ఒకప్పుడు వేళ్లు, ఒకప్పుడు చిగుళ్లు పుట్టునని చూపిరి. 1958లో స్టీవర్డ్, ఆయన సహచరులు కారట్ దుంప కణములనుండి మొక్కలను సాధించిరి. ఇవి గొప్ప విజయములే. అయితే పొగాకు, కారట్ లేత కాండముగల చిన్న మొక్కలు. వాటి ఫలితమును మహావృక్షములకు యథాతథముగా అన్వయించుటలోనే చిక్కున్నది.

జామాయిలు పుష్పములలో పరపరాగ సంపర్కము ఎక్కువ. అందుచేత మేలైన చెట్టు గింజలు నాటినను పిల్లలన్నియు తల్లిని పోలవు. తల్లి గుణములు చెడకుండవలెనన్న శాఖీయముగా పెంచుటయే మార్గము. కాని చెట్టు నిటారుగా, బలముగా పెరుగునో లేదో అది ఎదిగిన పిమ్మటగాని తెలియదు. ఎదిగిన చెట్టు పైకొమ్మలకు వేళ్లు తొడుగు శక్తి సన్నగిల్లిపోవును. చెట్టు విలువ తెలియునప్పటికి దానిని పెంచుకొను అవకాశము చేజారిపోవుచున్నదన్నమాట. కణజాల వర్ధనము పరిష్కరింపవలసిన అసలు సమస్య ఇది.

ఈ దిశలో మన దేశములో జరిగిన కృషి గణనీయమైనది. పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాలకు చెందిన గుప్త, మస్కరెన్హాస్, జగన్నాథన్ గారలు నిమ్మవాసనగల యూకలిప్టసు సిట్రియోడోరా జాతిలో ఎదిగిన చెట్లనుండి మొక్కలు సాధించి, 1981లో ఆ వివరములు ప్రకటించిరి. అయితే వారు ఏదో ఒక కణమును తీసికొని చెట్టును నిర్మింపలేదు. చెట్టుమీద అదివరకే ఉన్న మొగ్గలను తీసికొని, వాటినుండి అనేకమైన చిగుళ్లను పుట్టించి, ఆ చిగుళ్లకు వేళ్లు తెప్పించిరి. ఇది మొగ్గల గుణకారము. కణములు తమ రూపము కోల్పోయి కేలస్ అను ముద్దగా మారి, ఆ ముద్దనుండి క్రొత్త మొగ్గ పుట్టుట వేరు. అదియే నిజమైన పునర్నిర్మాణము. కేలస్ మార్గమున వచ్చిన మొక్కలలో జన్యుపరమైన తేడాలు పొడసూపు అవకాశము హెచ్చు. తల్లి గుణములను కాపాడుటకు పూనుకొన్నవారికి అది పనికిరాదు. పాఠములు ఈ రెండింటిని ఒకే పేరుతో పిలుచుటవలన విద్యార్థి మొదటిదాని విజయమును రెండవదాని ఖాతాలో వ్రాసికొనుచున్నాడు.

రెండవ లోపము లెక్కలలో ఉన్నది. ఒక చిగురు నెలకు మూడగుననుకొనుడు. పండ్రెండు నెలలకు 5,31,441 చిగుళ్లగును. కాగితముమీద ఇది కన్నుల పండువే. కాని పొలములోని చెట్టు మొగ్గలో శిలీంధ్రములు, బాక్టీరియాలు దాగియుండును. కోసినచోట ఫినాల్ పదార్థములు స్రవించి యానకమును గోధుమరంగుగా మార్చి కణజాలమును చంపును. కొన్ని చిగుళ్లు గాజువలె నీరుపట్టి పాడగును. ఉదాహరణకు ప్రతి నెలా పదింట ఒకటి నశించెననియు, కడపట సగమునకే వేళ్లు వచ్చెననియు, సీసానుండి మట్టిలోనికి మార్చినపుడు నూటికి డెబ్బది బ్రదికెననియు అనుకొనుడు. మిగులునవి సుమారు 52,500 మాత్రమే. ఐదు లక్షలు పదవవంతుకు దిగినవి. పైగా ప్రతి చిగురును సూక్ష్మజీవరహితమైన గాలిలో మనిషి చేతితో కోసి మార్చవలెను. ఆ కూలి, ఆ విద్యుత్తు మొక్క ధరలో చేరును.

కావుననే పెద్ద తోటలలో మరియొక పద్ధతి ముందునకు వచ్చినది. చెట్టును నరికినచో మోడునుండి పిలకలు లేచును. అవి లేతతనము గలవి. సులభముగా వేళ్లు తొడుగును. బ్రెజిల్‌లోని అరాక్రూజ్ సంస్థ శాస్త్రజ్ఞులు ఈ గుణము నాధారము చేసికొని విస్తారమైన తోటలు పెంచి 1984లో మార్కస్ వాలెన్‌బర్గ్ బహుమానము పొందిరి. భద్రాచలము వద్ద సారపాకలోని కాగితపు మిల్లువారు 1980 దశకము చివర ప్రారంభించిన కార్యక్రమము కూడ ఈ త్రోవదే. ఎన్నిక చేసిన చెట్ల పిలకల ముక్కలకు ఇండోల్ బ్యూటిరిక్ ఆమ్లము అద్ది, తేమగల గృహములో వేళ్లు తెప్పించిరి. ఆ మొక్కలే రైతుల పొలములకు చేరినవి.

అట్లని ప్రయోగశాల వ్యర్థమని అర్థము కాదు. ముదురు కణజాలమునకు మరల లేతతనము కలిగించుటకు, క్రొత్త రకపు తల్లిమొక్కలను త్వరగా సమకూర్చుటకు అది ఉపకరించును. జన్యుమార్పిడికైతే కేలస్ మార్గమునే తరచుగా ఆశ్రయింపవలసివచ్చును. అరబిడాప్సిస్ అను చిన్న మొక్క జన్యువును చేర్చిన యూకలిప్టసును వాణిజ్యమునకు 2015లో బ్రెజిల్ అనుమతించినది. మార్చిన కణమునుండి పూర్తి మొక్క రానిచో ఇట్టి పనికి పునాదియే లేదు.

అన్నిటికంటె తక్కువగా చెప్పబడు విషయము మరియొకటి కలదు. సీసాలో పుట్టినను, పిలకనుండి పుట్టినను ఒకే తల్లి పిల్లలన్నియు జన్యుపరముగా ఒక్కటే. తల్లి బలము అందరికి వచ్చినట్లే తల్లి బలహీనతయు వచ్చును. ఆకులపై, లేత కాడలపై బుడిపెలు కలిగించు లెప్టోసైబే ఇన్వేసా అను చిన్న కందిరీగను శాస్త్రజ్ఞులు 2004లో క్రొత్త కీటకముగా వర్ణించిరి. ఆ దశకములో అది దక్షిణ భారతమున వ్యాపించినపుడు, దానికి లొంగు రకమును ఒక్కదానినే నాటిన తోటకు రక్షణ లేకపోయినది. పొలములో ఒకే రకము కాక కొన్ని రకములను కలిపి నాటవలెనని చెప్పని పాఠము సగము పాఠమే.

కణమునకు ఆ శక్తి కలదనుట ఒక సత్యము. ఏ జాతిలో, ఏ వయస్సున, ఎంత నష్టముతో, ఎంత ఖర్చుతో ఆ శక్తి బయటపడుననునది మరియొక సత్యము. రెండవదానిని వదలి మొదటిదానినే బోధించినచో శాస్త్రము ఇంద్రజాలమువలె కనబడును. ఊరిచెంత నరికిన జామాయిలు మోడును విద్యార్థులకు చూపి, పిలకకును పైకొమ్మకును గల భేదమును పరిశీలింపజేయుట ఏ పాఠశాలకైనను అసాధ్యము కాదు. ఆ మోడువద్దనే ఈ పాఠమును ప్రారంభించుట మేలు.