బైరాయిట్ 'రింగ్' టెలివిజన్ రూపం: కెమెరా చూపు – ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

రంగస్థల ప్రదర్శనకు ఆయువు తక్కువ. తెర దించాక అది చూసినవారి జ్ఞాపకంలోనే మిగులుతుంది. ఒపెరా విషయంలో ఈ లోటును కొంతవరకు తీర్చింది టెలివిజన్. అయితే టెలివిజన్ అందించేది ప్రదర్శననా, ప్రదర్శనపై ఒక వ్యాఖ్యానాన్నా? జర్మన్ స్వరకర్త రిచర్డ్ వాగ్నర్ రచించిన 'డెర్ రింగ్ డెస్ నీబెలుంగెన్'కు పాత్రీస్ షేరో రూపొందించిన బైరాయిట్ ప్రదర్శన ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ప్రదర్శన – చిత్రీకరణ

'రింగ్' నాలుగు ఒపెరాల సముదాయం. మొత్తం ప్రదర్శనకు సుమారు 15 గంటలు పడుతుంది. వాగ్నర్ బైరాయిట్‌లో కట్టించుకున్న నాటకశాలలో 1876లో ఇది తొలిసారి సంపూర్ణంగా ప్రదర్శితమైంది. దాని శతవార్షికోత్సవానికి 1976లో ఫ్రెంచ్ దర్శకుడు షేరో, సంగీత నిర్వాహకుడు పియర్ బులేజ్ కలిసి కొత్త ప్రదర్శనను సిద్ధం చేశారు. రిచర్డ్ పెదుజ్జి రంగాలంకరణలో రైన్ నది జలవిద్యుత్ ఆనకట్టగా మారింది. పురాణగాథను పారిశ్రామిక యుగపు కథగా చూపడంపై తొలి ఏడాది తీవ్ర నిరసన వ్యక్తమైంది. 1980లో చివరి ప్రదర్శన ముగిశాక అదే శాలలో గంటకు పైగా కరతాళధ్వనులు మోగాయి.

బ్రయాన్ లార్జ్ టెలివిజన్ దర్శకత్వంలో 1979లో చివరి ఒపెరా 'గోటర్‌డెమ్మెరుంగ్', 1980లో తక్కిన మూడు చిత్రీకరణ పొందాయి. అప్పుడు శాలలో ప్రేక్షకులు లేరు. 1982లో బ్రిటన్‌లో బి.బి.సి., 1983లో అమెరికాలో పి.బి.ఎస్. వీటిని ప్రసారం చేశాయి. నేడు షేరో 'రింగ్' గురించి మాట్లాడేవారిలో అత్యధికులు చూసినది లార్జ్ కెమెరాలు చూపినదే.

3. సాత్త్వికానికి చేరువ

నాట్యశాస్త్రం చెప్పిన నాలుగు అభినయాలలో ఆంగిక, వాచిక, ఆహార్యాలు పెద్ద శాలలో చివరి వరుస దాకా చేరగలవు. సాత్త్వికం అంత దూరం చేరడం కష్టం. ఒపెరా గాయకులు చేతులు చాచి, ముందుకు వచ్చి పాడే అలవాటుకు ఈ దూరం ఒక కారణం. షేరో ఆ అలవాటును కాదని, గాయకులను నటులుగా తీర్చిదిద్దాడు. ఆ శ్రమ ఫలితాన్ని సమీపచిత్రం పూర్తిగా అందుకుంది.

'డీ వాల్క్యూరె' మొదటి అంకంలో అలసివచ్చిన జీగ్ముంట్‌కు జీగ్లిండె దాహం తీరుస్తుంది. తరువాత ఇద్దరూ మౌనంగా ఒకరినొకరు చూసుకుంటారు. వారు పలకని మాటను చెల్లో పలుకుతుంది. పీటర్ హోఫ్‌మన్, జనీన్ ఆల్ట్‌మాయర్‌ల ముఖాల్లో ఆ మాట కలిగించే చలనాన్ని ఇంట్లో కూర్చున్న ప్రేక్షకుడు శాలలోని ప్రేక్షకునికంటే స్పష్టంగా చూడగలడు. ఇది టెలివిజన్ సాధించిన లాభం.

4. చట్రం వెలుపల మిగిలినది

అదే ఒపెరా రెండో అంకంలో దేవతల రాజు వోటన్ తన ఓటమిని కుమార్తె బ్రున్‌హిల్డెకు సుదీర్ఘంగా వివరిస్తాడు. షేరో ఈ రంగంలో వోటన్ ఎదుట నిలువుటద్దాన్ని, పక్కన ఊగే పెద్ద లోలకాన్ని ఉంచాడు. అంతాన్ని కోరుకునే క్షణంలో వోటన్ ఆ లోలకాన్ని ఆపేస్తాడు. కెమెరా డోనల్డ్ మెకింటైర్ ముఖానికి దగ్గరైన ప్రతిసారీ లోలకం చట్రం దాటిపోతుంది. శాలలోని ప్రేక్షకునికి కాలం నిరంతరం కదులుతూ కనిపిస్తుంది. టెలివిజన్ ప్రేక్షకునికి అది అప్పుడప్పుడు గుర్తుచేసే వస్తువు అవుతుంది.

ఇంతకంటే ముఖ్యమైనది శ్రోత స్థానం. తండ్రి మాట విన్నందువల్లనే బ్రున్‌హిల్డె తరువాత అతని ఆజ్ఞను మీరి జీగ్ముంట్‌ను కాపాడబోతుంది. కనుక ఆమె వినడం ఈ కథలో ఒక సంఘటన. వాగ్నర్ వాద్యబృందం గాయకునికి తోడు నడిచేది మాత్రమే కాదు. పాత్రలకు, వస్తువులకు, భావాలకు ఏర్పరచిన స్వరసంకేతాల ద్వారా మౌనంగా ఉన్నవారి మనసును కూడా పలుకుతుంది. కెమెరా పాడే నోటినే అంటిపెట్టుకుంటే సంగీతం చెబుతున్న సగం కథకు దృశ్యం కరవవుతుంది. పద్యనాటకం తెలిసిన మనకు ఈ సమస్య కొత్త కాదు. రాయబార ఘట్టంలో కృష్ణుని పద్యం ఎంత శ్రావ్యంగా ఉన్నా, వింటున్న దుర్యోధనుని ముఖం కనిపించకపోతే సభ సభగా నిలవదు.

5. చివరి చూపు

'గోటర్‌డెమ్మెరుంగ్' ముగింపులో దేవతల లోకం కాలిపోతుండగా చూస్తున్న జనసమూహాన్ని షేరో ప్రేక్షకుల వైపు తిప్పాడు. ఇక లోకభారం మీదేనన్నట్టు వారు నిలబడి చూస్తారు. చిత్రీకరణ నాడు వారి ఎదుట ఉన్నవి ఖాళీ కుర్చీలు. ఆ చూపుకు గమ్యం ప్రసారంతోనే ఏర్పడింది. శాలలో అది ఒక సమూహం మరొక సమూహాన్ని నిలదీయడం. ఇంట్లో అది ఒక్కొక్క ప్రేక్షకుణ్ణి ఒంటరిగా నిలదీయడం. ప్రశ్న తీవ్రత తగ్గలేదు, కానీ దాని సామూహిక స్వభావం మారింది. ఈ మార్పు షేరో నిర్ణయించినది కాదు, మాధ్యమం తెచ్చినది.

6. ముగింపు

పై పరిశీలనను బట్టి, టెలివిజన్ ఒపెరాను మూలప్రదర్శనకు నకలుగా గాని, దాని వికృతిగా గాని భావించడం సరికాదని తేలుతుంది. అది కెమెరా చేసిన పఠనం. దాని మంచిచెడ్డలను నిర్ణయించేది చిత్రాల స్పష్టత కాదు. సంగీతం ఎవరి పక్షాన పలుకుతున్నదో గ్రహించి అటు చూసే వివేకం. చెల్లో పలికిన చోట లార్జ్ కెమెరా ఆ వివేకాన్ని చూపింది. లోలకాన్ని విడిచిన చోట గాయకునికి లొంగింది. కాబట్టి ఇటువంటి దృశ్యముద్రణల ఆధారంగా రంగస్థల దర్శకుణ్ణి అంచనా వేసే విమర్శకుడు, తాను చూడని వేదికాభాగం కూడా ఉన్నదన్న స్పృహతోనే తీర్పు చెప్పవలసి ఉంటుంది.