ఈ వారం మాట: మాడపొల్లం

ఈ వారానికి ఎంచుకున్న పాత ఇంగ్లీషు మాట 'మాడపొల్లం'. ఒక రకం తెల్ల నూలుగుడ్డ పేరది. కేలికో కన్నా సన్నం, మస్లిన్ కన్నా ముతక. పరాయి మాటే అయినా దాని పుట్టుక మనకు కూతవేటులోనే ఉంది. సఖినేటిపల్లిలో పంటు ఎక్కితే నరసాపురం వైపు దిగే రేవు మాధవాయిపాలెం. ఆ పేరే దొరల నోట పడి మాడపొల్లమైంది.

యూల్, బర్నెల్‌ల నిఘంటువు 'హాబ్సన్-జాబ్సన్' 1886లో వచ్చింది. మాధవాయిపాలెంలో 1833 దాకా ఈస్టిండియా కంపెనీ వర్తక ఏజెన్సీ ఉండేదనీ, గోదావరి డెల్టాలోని మూడింటిలో అదే పెద్దదనీ ఈ మాట కింద రాశారు. తక్కిన రెండూ ఇంజరం, 'బండర్ మలుంకా'. ఆ రెండో పేరు దగ్గర చాలాసేపు ఆగిపోయాను. అది మన అల్లవరం మండలంలోని బెండమూర్లంకే! (అమలాపురం పక్కనున్న మగ్గాల ఊరు బండారులంక వేరు.) వైనతేయ గోదావరి సముద్రంలో కలిసే చోటికి దగ్గర ఊరు కనుక కంపెనీ కన్ను పడిందంటే ఆశ్చర్యం లేదు. ఆ దాపునే ఉన్న ఊరి పేరు ఓడలరేవు.

కేలికోకు కోళిక్కోడ్ పేరు వచ్చినట్టే దీనికి మన రేవు పేరు వచ్చింది. గుడ్డ ఎక్కడ దొరికితే అక్కడి పేరే కొనేవాడి చిట్టాలోకి ఎక్కింది. నేసినవాడి పేరు ఎక్కలేదు.

అసలు కష్టమనిపించేది నిఘంటువులో ఏజెన్సీల మాట తర్వాత వచ్చే వాక్యం. 1833 చట్టంతో కంపెనీ వ్యాపారం ఆగింది. నిఘంటువు అచ్చయ్యే నాటికి మాడపొల్లం ఇంగ్లండు నుంచి ఇండియాకు వచ్చే ముఖ్యమైన సరుకుల్లో ఒకటి. అంటే మన రేవు పేరు పెట్టుకున్న గుడ్డ అక్కడి మిల్లుల్లో తయారై, ఓడల్లో మనకే అమ్మకానికి వచ్చింది. నిఘంటుకారులు ఆ సంగతి ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగారు. నాకు మాత్రం ముందుకు కదలబుద్ధి కాలేదు. మాట పుట్టుకంటే పలుకు ఎలా మారిందన్నది సగమే. ఆ మాట మోసిన సరుకు ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి పోయిందో తెలిస్తేనే లెక్క పూర్తవుతుంది.

బెండమూర్లంక, గోడి, కొమరగిరిపట్నం పెద్దవాళ్లలో ఎవరికైనా పాత గుడ్డల పేర్లు గుర్తుంటే రాసి పంపండి. ఏ గుడ్డ ఏ పనికి వాడేవారో, ఎవరు కట్టేవారో కూడా రాయండి.